ముందు చక్రం బేరింగ్: ఇంట్లో ఎంతవరకు, ఆటోనగర్‌లో ఎంతవరకు

వేగం నలభై దాటితే చాలు, మా పాత కారు ముందు నుంచి ఊఁ అని ఒకటే రొద. వేగంతో పాటు పెరిగేది. టైర్లే అరిగాయనుకుని ఆర్నెల్లు గడిపేశాను. టైరు చప్పుడైతే తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఒకలా ఉంటుంది. బేరింగ్ రొద ఎక్కడైనా ఒకటే. రుషికొండ దాటి భీమిలి వైపు పోతుంటే రోడ్డు మెలికలు తిరుగుతుంది కదా, అక్కడ తేలిపోయింది. స్టీరింగ్ ఎడమకు తిరిగినప్పుడు రొద పెరిగి, కుడికి తిరిగితే తగ్గింది. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి పోయింది కుడిదే. ఇంటికొచ్చి జాకీ ఎత్తి, ఆ పక్క స్ప్రింగు మీద చెయ్యి ఆనించి చక్రం తిప్పాను. గరగరమని చేతికే తెలిసింది.

నేను చెప్పేది, బేరింగ్ నకిల్‌లోకి (చక్రాన్ని మోస్తూ స్టీరింగుతో పాటు తిరిగే ఇనప దిమ్మ), హబ్బు (చక్రం బిగించే భాగం) ఆ బేరింగ్‌లోకి ప్రెస్ చేసి ఉండే ముందు చక్రాల డ్రైవు కార్ల సంగతి. కొన్ని కార్లకు బేరింగూ హబ్బూ కలిపి ఒకే ముక్కగా బోల్టులతో ఊడి వస్తాయి, వాళ్లకు ఇంత తంటా లేదు.

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. సముద్రం గాలికి కారు కింద ప్రతి బోల్టూ తుప్పే. అందుకే ముందురోజు రాత్రే అన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తాను. ఇంకోటి, ఆదివారం మొదలుపెట్టకండి. బేరింగులు ఒత్తి ఎక్కించే ప్రెస్ షాపు తెరిచి ఉందో లేదో కనుక్కోకుండా చక్రం విప్పితే కారు స్టాండు మీదే నిద్రపోతుంది.

చక్రం మధ్యలో ఉండే యాక్సిల్ నట్టును చక్రం నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి. నట్టు అంచు షాఫ్టు గాడిలోకి నొక్కి ఉంటుంది, దాన్ని సన్నని ఉలితో పైకి లేపాలి. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు పొడవాటి రాడ్డుకు పైపు తొడిగి తిప్పాలి. మా ఇంట్లో బ్రేకు డ్యూటీ మా ఆవిడది. తర్వాత వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, స్టాండు వెయ్యాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

చక్రం తీశాక క్యాలిపర్ (డిస్కును పట్టే బ్రేకు భాగం) విప్పి, తీగతో స్ప్రింగుకు కట్టండి. బ్రేకు గొట్టానికి వేలాడదీస్తే గొట్టం పాడవుతుంది. ఏబీఎస్ సెన్సార్ (బ్రేకుల కోసం చక్రం వేగం చూసేది) ఉంటే జాగ్రత్తగా తీసి పక్కకు పెట్టండి. డిస్కు తుప్పుతో పట్టేస్తే, దాని మీద రెండు మరల రంధ్రాలు ఉన్నాయేమో చూడండి, వాటిలో బోల్టులు బిగిస్తే అదే బయటికొస్తుంది. నకిల్‌ను పట్టి ఉంచే టై రాడ్ (స్టీరింగు నుంచి వచ్చే కడ్డీ), స్ట్రట్ (స్ప్రింగు ఉండే షాక్ అబ్జార్బర్) బోల్టులు, కింది బాల్ జాయింట్ విప్పితే నకిల్ చేతికొస్తుంది. స్ట్రట్ బోల్టుల దగ్గర ముందే గీత గీసుకోండి. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టును వేలాడనివ్వకుండా తాడుతో కట్టండి.

ఇంట్లో పని అంతవరకే. మొదటిసారి నాకు ఈ బుద్ధి లేదు. పాత బేరింగ్‌ను సుత్తితో రాలగొట్టి, కొత్తదాన్ని కూడా సుత్తితోనే దిగ్గొట్టాను. రెండు నెలలకే మళ్లీ రొద మొదలైంది. ఈసారి నకిల్‌ను స్కూటీ మీద పెట్టుకుని గాజువాక ఆటోనగర్‌కు పోయాను. ప్రెస్ దగ్గరి ముసలాయన బేరింగ్ చూసి, "ఏటి బాబూ, సుత్తెట్టి కొట్టీసినారా?" అన్నాడు. లోపలి రింగు మీద గుండ్ల అచ్చులు పడి ఉన్నాయి.

ప్రెస్ దగ్గర నిలబడి చూడండి. హబ్బు బయటికొచ్చినప్పుడు లోపలి రింగు సగం దానికే అంటుకుని వస్తుంది. దాన్ని గ్రైండరుతో కోసేటప్పుడు హబ్బుకు గాటు పడకూడదు. బేరింగ్‌ను జారకుండా ఆపే సర్‌క్లిప్ తీసి, పాత బేరింగ్ నెట్టేసి, నకిల్ రంధ్రం శుభ్రం చేశాక కొత్తది ఎక్కించాలి. అప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. తర్వాత హబ్బు దించేటప్పుడు లోపలి రింగు కింద ఆధారం ఉండాలి. ఇది తిరగబడితే ఆ ఒత్తిడంతా గుండ్ల మీదుగా పోతుంది, సుత్తికీ ప్రెస్‌కీ తేడా ఉండదు. కొన్ని ఏబీఎస్ కార్ల బేరింగ్‌కు ఒక పక్క సీలులో అయస్కాంతం ఉంటుంది. ఆ పక్క సెన్సార్ వైపే రావాలి, లేకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, మళ్లీ మొదటికి.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు కొత్తదే వెయ్యండి. చక్రం నేలకు దించాక ఎంత బిగువో చూపే టార్క్ రెంచితో, మీ కారు మాన్యువల్‌లో రాసిన అంకెకు బిగించి, అంచును గాడిలోకి నొక్కండి. అది బిగించకుండా కారును అంగుళం కూడా దొర్లించొద్దు. కదిలించే ముందు బ్రేకు గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కండి. నేనోసారి మర్చిపోయాను, ఎదురింటి గేటు కొంచెంలో తప్పింది.

అలైన్‌మెంట్ చేయించాక మళ్లీ భీమిలి రోడ్డుకే పోయి, అద్దాలు ఎత్తేసి, పాటలు ఆపేసి, రెండు వైపులా మలుపుల్లో చెవి పెట్టి వినండి.