రిట్రై తిరగట్లేదా, క్యాన్సిల్ కొట్టినా ఆగట్లేదా? సమస్య - పరిష్కారం

జావాస్క్రిప్ట్‌లో రిట్రై (ఫెయిలైన రిక్వెస్ట్‌ని మళ్ళీ పంపడం) ఒక చోట, క్యాన్సిల్ (నడుస్తున్నదాన్ని మధ్యలో ఆపడం) ఇంకో చోట విడివిడిగా రాసేసి పనైపోయిందనుకుంటాం, కానీ ఈ రెండూ ఒకదాని సంగతి ఒకటి తెలుసుకోకపోతే ఎక్కడో ఒక చోట తప్పకుండా దెబ్బతింటుంది.

సమస్య: లూప్ 3 సార్లు తిరిగింది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మాత్రం రిక్వెస్ట్ ఒక్కటే ఉంది

రిట్రై చేసే ఫంక్షన్‌కి మీరు ప్రామిస్‌ని, అంటే తర్వాత రాబోయే ఫలితానికి గుర్తుగా ఉండే ఆబ్జెక్ట్‌ని పంపారన్నమాట. ప్రామిస్ చేతికొచ్చేసరికే పని మొదలైపోయి ఉంటుంది, ఒకసారి రిజెక్ట్ అయ్యాక ఎన్నిసార్లు అవైట్ చేసినా (ఫలితం కోసం ఆగినా) అదే ఎర్రర్ ఇస్తుంది. ప్రామిస్‌ని కాదు, దాన్ని తయారుచేసే ఫంక్షన్‌ని పంపండి, ప్రతిసారీ దాన్ని కొత్తగా పిలవండి.

సమస్య: సర్వర్ 503 (ఇప్పుడు పని చెయ్యలేను) అని ఎర్రర్ ఇస్తున్నా రిట్రై అవ్వట్లేదు

ఫెచ్ (సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫంక్షన్) లెక్కలో జవాబు వచ్చిందంటే సక్సెసే, అది 500 అయినా 503 అయినా. నెట్‌వర్క్ తెగిపోవడం లాంటివాటికే రిజెక్ట్ అవుతుంది. అందుకే రెస్పాన్స్‌లో ఓకే ఫ్లాగ్ చూసి మీరే ఎర్రర్ త్రో చెయ్యాలి. అలాగని అన్నిటికీ రిట్రై కొట్టొద్దు, 400 (రిక్వెస్టే తప్పు), 404 (అడిగింది లేదు) వస్తే ఇప్పుడు మళ్ళీ అడిగినా అదే జవాబొస్తుంది. 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు), 503 వచ్చినప్పుడు రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అందులో చెప్పినంతసేపు ఆగండి.

సమస్య: క్యాన్సిల్ నొక్కాక కూడా రిక్వెస్టులు పోతూనే ఉన్నాయి

అసలు గొడవంతా ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మొదటి ప్రయత్నం టైమౌట్ అయింది, అబార్ట్ కంట్రోలర్ (రిక్వెస్ట్‌ని మధ్యలో ఆపే ఆబ్జెక్ట్, తన సిగ్నల్ ద్వారా ఫెచ్‌కి ఆ కబురు చెబుతుంది) ఒకసారి అబార్ట్ అయితే దాని సిగ్నల్ ఇక ఎప్పటికీ అబార్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి అదే సిగ్నల్‌తో రెండో ప్రయత్నం చేస్తే క్షణంలో ఫెయిలవుతుంది, అది చూసి చాలామంది ప్రతి ప్రయత్నానికీ కొత్త కంట్రోలర్ పెడతారు. అది సగమే కరెక్ట్. యూజర్ నొక్కే బటన్ ఇంకా పాత కంట్రోలర్‌కే కట్టి ఉంటుంది, కొత్తదానికి ఆ కబురే అందదు.

రెండు సిగ్నల్స్ ఉంచండి. ఒకటి యూజర్‌ది, మొత్తం ఆపరేషన్‌కి ఒక్కటే. రెండోది ప్రతి ప్రయత్నానికీ కొత్తగా, అబార్ట్‌సిగ్నల్.టైమౌట్ 5000 అలా (5 సెకన్లకి తనంతట తానే అబార్ట్ అవుతుంది). అబార్ట్‌సిగ్నల్.ఎనీతో రెండిటినీ, ఏ ఒక్కటి అబార్ట్ అయినా ఆగేలా, కలిపి ఫెచ్‌కి ఇవ్వండి. క్యాచ్‌లో అన్నిటికన్నా ముందు యూజర్ సిగ్నల్ అబార్ట్ అయిందా అని చూడండి, అయితే రిట్రై లేదు, బయటికి త్రో చేసేయడమే. ఎర్రర్ పేరు మీద ఆధారపడకండి, ఎందుకంటే అబార్ట్‌కి ఎవరైనా సొంత కారణం ఇస్తే ఫెచ్ అదే ఎర్రర్‌గా బయటికి పంపుతుంది.

ఇంకా మధ్యలో ఆగే టైమ్ ఉంది కదా, ప్రయత్నానికీ ప్రయత్నానికీ నడుమ సెట్‌టైమౌట్‌తో 4 సెకన్లు నిద్రపోతున్నప్పుడు క్యాన్సిల్ నొక్కితే అబార్ట్ చెయ్యడానికి రిక్వెస్టే ఉండదు, కాబట్టి ఆ వెయిట్ కూడా సిగ్నల్‌ని వినాలి, అబార్ట్ ఈవెంట్ రాగానే టైమర్ క్లియర్ చేసి రిజెక్ట్ అవ్వాలి. ప్రామిస్.రేస్‌తో (ముందు ముగిసిన ప్రామిస్ ఫలితాన్నే తీసుకునేది) టైమౌట్ పెట్టినవాళ్ళకీ ఒక మాట, రేస్‌లో ఓడిన ప్రామిస్ ఆగదు, వెనకాల నడుస్తూనే ఉంటుంది.

పైథాన్‌లో అయితే అసింక్‌ఐఓ లైబ్రరీలో క్యాన్సిల్ చేస్తే వచ్చే క్యాన్సిల్డ్‌ఎర్రర్ వెర్షన్ 3.8 నుంచి బేస్‌ఎక్సెప్షన్ కిందకి వెళ్ళింది, ఉత్త ఎక్సెప్ట్ రాస్తే దాన్ని కూడా మింగేసి రిట్రై చేస్తుంది. ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ అని రాయండి.

సమస్య: సర్వర్ లేవగానే మళ్ళీ పడిపోతోంది

క్లయింట్లన్నీ ఒకే లెక్కన ఆగి ఒకేసారి మీద పడుతున్నాయి. వెయిట్ రెట్టింపు చేస్తూ దానికి కొంత ర్యాండమ్ కలపండి. రిట్రై ఒక్క లేయర్‌లోనే ఉంచండి, 3 లేయర్లలో ఒక్కోదానికి 3 ప్రయత్నాలుంటే కింద సర్వర్‌కి 27 తగులుతాయి.

సమస్య: ఒకే ఆర్డర్ రెండుసార్లు పడింది

పోస్ట్ రిక్వెస్ట్ సర్వర్‌కి చేరింది, జవాబు మాత్రం దారిలో పోయింది, మీ కోడ్ ఫెయిల్ అనుకుని మళ్ళీ పంపింది. లూప్ బయటే ఒక ఐడెంపొటెన్సీ కీ (ఇది అదే ఆర్డర్ అని సర్వర్ పోల్చుకునే గుర్తు) తయారుచేసి అన్ని ప్రయత్నాలకీ అదే పంపండి, సర్వర్ కూడా ఆ కీని గుర్తుపెట్టుకోవాలి సుమా. క్యాన్సిల్‌కీ ఇదే వర్తిస్తుంది, అబార్ట్ చేస్తే బ్రౌజర్ ఎదురుచూడటం మానేస్తుంది గానీ సర్వర్‌లో పని ఆగిందని గ్యారంటీ లేదు, అందుకే స్క్రీన్ మీద రద్దయిందని చూపించే ముందు సర్వర్‌ని స్టేటస్ అడగండి.