పాత కారు ఈసీఎంలో కారిన కెపాసిటర్ మార్చడం ఎలా?

వాన ముసురు పట్టగానే మొరాయించి, ఎండ కాయగానే స్టార్ట్ అయ్యే పాత కారు కోనసీమలోనూ నరసాపురం వైపూ కనిపిస్తే ముందు తేమనే అనుమానించాలి. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె) విప్పేముందు బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజులు, బాడీ ఎర్త్ చూడండి. ఎర్త్ బోల్టుకు పట్టిన తుప్పు గీకకుండా మంచి ఈసీఎంలు పారేసేవాళ్లు ఎక్కువ.

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, పది నిమిషాలు ఆగండి. లాక్ నొక్కి కనెక్టర్ లాగి, మూత విప్పండి. బోర్డుకు ఫొటో తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ జోలికి మాత్రం పోవద్దు.

కెపాసిటర్ (బోర్డు మీద కరెంటు నిల్వచేసే చిన్న డబ్బా) కాళ్ల దగ్గర పచ్చటి చిలుం, సోల్డరింగ్ ఐరన్ తగలగానే చేపల వాసన: కారిందని గుర్తు.

పని చెడేది దాన్ని తీసేటప్పుడే. కారిన ద్రవం రాగి ట్రాక్ కిందికి పాకి పట్టు వదులు చేస్తుంది. నల్లబడిన పాత టంకం త్వరగా కరగదు. కరగలేదని ఐరన్ గట్టిగా నొక్కితే ప్యాడ్ (కాలు అతికే రాగి బిళ్ల) ఊడి కాలితోపాటే వచ్చేస్తుంది. అందుకే ముందు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో చిలుం కడగండి. ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పేస్టు) రాసి, కొత్త 63/37 (తగరం 63, సీసం 37 శాతం) టంకం పాతదానిలో కలపండి. 350 డిగ్రీల దగ్గర ఒక్కో కాలికి మూడు సెకన్లు చాలు. కాలు దానంతటదే వదలాలి, లాగకూడదు. ఎర్త్ కాలు వేడి తాగేస్తుంది కాబట్టి అక్కడ డిగ్రీలు పెంచకుండా లావు బిట్ వాడండి. హాట్ ఎయిర్ ఈ పనికి వద్దే వద్దు. పక్కనున్న ప్లాస్టిక్ కరుగుతుంది, కెపాసిటర్ పేలనూ వచ్చు.

తీశాక ఆ చోటు మళ్లీ కడిగి, ట్రాక్ కంటిన్యుటీ (తెగకుండా ఉందా అని) మీటరుతో చూడండి. తెగి ఉంటే సన్నటి ఎనామిల్ వైరు ఈ కాలి నుంచి ఆ కాలికి కలపండి. టంకం ముద్దతో అతికితే కారు కుదుపులకు నిలవదు.

కొత్తది అదే మైక్రోఫారడ్, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకమే కొనండి. డబ్బా మీద చారున్న వైపు నెగెటివ్.

ఆరాక సాకెట్ పిన్నులకు టేపు వేసి, బోర్డుకు అక్రిలిక్ కోటింగ్ స్ప్రే కొట్టండి. పుల్లటి వాసనొచ్చే సిలికాన్ వాడితే అందులోంచి వచ్చే ఆసిడ్ రాగిని తినేస్తుంది.

బిగించేముందు వైపర్ కింది తొట్టె చూడండి. కొబ్బరి పీచు, ఆకులు అడ్డుపడితే వాననీళ్లు డ్యాష్‌బోర్డులోకి దిగి కొత్త కెపాసిటర్‌నూ పాడుచేస్తాయి.