బాక్సింగ్ రికార్డులు చదవడం – 5వ పాఠం: విభాగం పేరు కాదు, కిలోలు చూడండి

పోయిన పాఠం చివర ఇచ్చిన పని పైకి సులువైనదే. ఒలింపిక్ పతకం గెలిచి, ఆ తర్వాత ప్రొఫెషనల్ హెవీవెయిట్ ఛాంపియన్లయిన వాళ్ల జాబితా రాయమన్నాను. వచ్చిన జాబితాలు చూశాక ఈసారి చెబుదామనుకున్న బెల్టుల (వేర్వేరు సంస్థలిచ్చే ఛాంపియన్ టైటిళ్ల) లెక్క వాయిదా వేయక తప్పలేదు. జో ఫ్రేజియర్ ఉన్నాడు, జార్జ్ ఫోర్‌మన్ ఉన్నాడు, మహమ్మద్ అలీ లేడు! ఇలాంటివి ఒకటో రెండో కాదు, చాలా వచ్చాయి.

ఎక్కడ జారారో తెలుస్తూనే ఉంది. ఒలింపిక్ ఫలితాల్లో 'హెవీవెయిట్' అని ఉన్న వరసే చూసి, అందులో పేర్లు ఎత్తి రాసేశారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ వరసలో స్వర్ణం ఇటలీ బాక్సర్ ఫ్రాంకో డి పికోలిది. అలీ స్వర్ణం దాని పై వరసలో, లైట్ హెవీవెయిట్‌లో ఉంది. అదీ కాషియస్ క్లే అన్న పేరుతో.

మిగతా పొరపాట్లు త్వరగా ముగిద్దాం. మైక్ టైసన్ ఒలింపిక్స్‌కే వెళ్లలేదు. 1984 అమెరికా జట్టు ఎంపికలో హెన్రీ టిల్‌మన్ చేతిలో ఓడిపోయాడు. ఆ టిల్‌మన్ స్వర్ణం తెచ్చాడు గానీ హెవీవెయిట్ టైటిల్ మాత్రం గెలవలేదు. క్యూబా వీరుడు తియోఫిలో స్టీవెన్‌సన్‌కి మూడు స్వర్ణాలున్నాయి, ప్రొఫెషనల్ బౌట్ ఒక్కటీ లేదు. క్లిచ్కో అన్నదమ్ముల్లో పతకం వ్లాదిమిర్‌ది (1996 అట్లాంటా, స్వర్ణం). విటాలీ ఒలింపిక్స్‌లో ఆడలేదు. ఇవి జాగ్రత్తగా చూస్తే దొరికే తప్పులే, వీటికి పాఠం అక్కర్లేదు.

పాఠం కావాల్సింది బరువులకి. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అక్కడే పడతారు కాబట్టి ఈసారి విసుగు పుట్టేదాకా చెబుతాను.

ఒలింపిక్ బాక్సింగ్ కిలోల్లో నడుస్తుంది, ప్రొఫెషనల్ బాక్సింగ్ పౌండ్లలో. రెండు చోట్లా విభాగాల పేర్లు ఒకేలా ఉంటాయి, గీతలు మాత్రం వేరే చోట గీశారు. కిలోల్ని 2.2తో గుణించండి, మన పనికి అది చాలు. దశాంశాల జోలికి పోవద్దు.

ముందు పాతకాలం. 1952 నుంచి 1980 దాకా ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ అంటే 81 కిలోల వరకు, ఆపైన అంతా హెవీవెయిట్. ప్రొఫెషనల్‌లో లైట్ హెవీవెయిట్ హద్దు 175 పౌండ్లు, అంటే 79 కిలోల పైచిలుకు. లైట్ హెవీవెయిట్‌కీ హెవీవెయిట్‌కీ మధ్యలో క్రూజర్‌వెయిట్ అనేది 1970ల చివరి దాకా లేదు. ఇప్పుడు 81ని 2.2తో గుణించండి. 178 వచ్చింది కదా? 175 దాటింది. నిండా 81 కిలోలున్న ఒలింపిక్ లైట్ హెవీవెయిట్ బాక్సర్, అదే బరువుతో ప్రొఫెషనల్ రింగులోకి అడుగుపెడితే అప్పటికే హెవీవెయిట్ అన్నమాట. మరో విభాగానికి ఎక్కాల్సిన పని కూడా లేదు. అందుకే అలీని లైట్ హెవీవెయిట్ వరసలో వెతకాలి. 1964లో సోనీ లిస్టన్‌ని ఓడించేనాటికి అతని బరువు 210 పౌండ్లు, అంటే 95 కిలోలు.

1984 నుంచి 2020 టోక్యో దాకా లెక్క వేరు. ఒలింపిక్స్‌లో 91 కిలోల పైవాళ్లకి సూపర్ హెవీవెయిట్ పెట్టారు. 81 నుంచి 91 దాకా ఉన్నదానికి హెవీవెయిట్ పేరు మిగిలింది. 91ని గుణిస్తే 200. నేటి ప్రొఫెషనల్ క్రూజర్‌వెయిట్ హద్దు సరిగ్గా 200 పౌండ్లే (మొదట్లో 190 ఉండేది). కాబట్టి ఆ కాలపు ఒలింపిక్ హెవీవెయిట్ నేటి లెక్కలో క్రూజర్‌వెయిట్, ఒలింపిక్ సూపర్ హెవీవెయిట్ అసలైన హెవీవెయిట్.

నేను నోట్‌బుక్‌లో 1984 దగ్గర అడ్డగీత కొట్టి, గీతకి పైన ఒకలా, కింద ఒకలా చదువుతాను. విభాగం పేరు అసలు రాయను. 'క్లే, 1960, 81, స్వర్ణం' అంతే. పేరు రాస్తే కన్ను దానిమీదే పడుతుంది.

ఈ గీత పెట్టుకుని 2012 లండన్ చూడండి. ఒలెక్సాండర్ ఉసిక్ 91 కిలోల్లో స్వర్ణం, ఆంథోనీ జోషువా 91 పైన స్వర్ణం. ఒకే ఒలింపిక్స్, ఇద్దరు విజేతలు, అక్కడ ఎదురుపడే అవకాశమే లేదు. 2021లో ఇద్దరూ ఒకే రింగులో హెవీవెయిట్ టైటిల్ కోసం తలపడ్డారు, ఉసిక్ గెలిచాడు. మధ్యలో అతను 2018 నాటికి క్రూజర్‌వెయిట్‌లో బెల్టులన్నీ గెలిచేశాడు. అంతకుముందు ఆ దారిన వచ్చినవాడు ఇవాండర్ హోలీఫీల్డ్: 1984లో 81 కిలోల్లో కాంస్యం, తర్వాత క్రూజర్‌వెయిట్, 1990లో బస్టర్ డగ్లస్‌పై గెలిచి హెవీవెయిట్. హోలీఫీల్డ్‌ది కాంస్యమే ఎందుకయిందంటే, సెమీఫైనల్లో రిఫరీ ఆగమన్నాక కొట్టాడని డిస్‌క్వాలిఫై చేశారు. పతకం రంగు చూసి సత్తా అంచనా వేసేవాళ్లకి ఇది చెబుతుంటాను.

ఇంకా కిందికి దిగితే 75 కిలోలవాళ్లూ దొరుకుతారు. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ (1952), మైకేల్ స్పింక్స్ (1976) స్వర్ణాలు, క్రిస్ బర్డ్ (1992) రజతం. ముగ్గురూ హెవీవెయిట్ టైటిల్ గెలిచారు. ప్యాటర్సన్ 1956లో ఛాంపియన్ అయినప్పుడు 182 పౌండ్లే. నేటి హద్దుల్లో అతను క్రూజర్‌వెయిట్. మైకేల్ స్పింక్స్ మాత్రం 1985లో ఛాంపియన్ లారీ హోమ్స్ మీదికి వచ్చేసరికి 200కి పెరిగాడు. ప్యాటర్సన్, అలీ ఉదాహరణలు బాగా పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి.

ఒకరు మంచి సందేహం అడిగారు: ఇంగెమార్ యోహాన్సన్‌ని రాయాలా వద్దా? 1952 హెల్సింకి హెవీవెయిట్ ఫైనల్లో, అసలు తలపడటమే లేదని అతన్ని డిస్‌క్వాలిఫై చేసి, రజతం కూడా ఇవ్వలేదు. 1959లో ప్యాటర్సన్‌ని మూడో రౌండులో పడగొట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. రజతం చేతికొచ్చింది 1982లో. అంటే ఛాంపియన్ అయ్యేనాటికి పతకం లేదు! నేనైతే రాస్తాను, పక్కన 'పతకం 1982' అని కూడా రాస్తాను. వద్దనుకుంటే మానేయండి, కానీ కారణం రాయండి. సరైన కారణంతో వదిలేసిన పేరుకి నేను మార్కు తగ్గించను.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టం, ఒక్క రోజులో అవ్వాలనుకోకండి.

1988 సియోల్ నుంచి నలుగుర్ని తీసుకోండి: లెనాక్స్ లూయిస్, రిడిక్ బో, రే మెర్సర్, రాయ్ జోన్స్. లూయిస్ ఆ ఒలింపిక్స్ సూపర్ హెవీవెయిట్ ఫైనల్లో కెనడా తరఫున ఆడి బోని రెండో రౌండులోనే ఆపాడు. తర్వాత ఇద్దరూ ఛాంపియన్లయ్యారు, ప్రొఫెషనల్‌గా మాత్రం ఒక్కసారీ తలపడలేదు. జోన్స్ 71 కిలోల్లో రజతం గెలిచి, 2003లో 193 పౌండ్లతో, 226 పౌండ్లున్న జాన్ రూయిజ్‌ని ఓడించాడు.

నలుగురికీ పతకం నాటి కిలోల హద్దు, దాన్ని పౌండ్లలోకి మార్చిన అంకె, ఆ అంకెకి నేటి ప్రొఫెషనల్ విభాగం, టైటిల్ గెలిచిన ఏడాది, ఏ బెల్టు, ఎవరిని ఓడించి అన్నవి పట్టికలో రాయండి. లూయిస్ దగ్గర చివరి గడి మిమ్మల్ని ఆపుతుంది. అతని మొదటి డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) టైటిల్ రింగులో గెలిచింది కాదు. 1992లో బో ఆ బెల్టుని చెత్తబుట్టలో వేశాక లూయిస్‌ని ఛాంపియన్‌గా ప్రకటించారు. ఆ గడి ఖాళీగా ఉంచి, పక్కన రెండు వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో బెల్టుల లెక్క అక్కడినుంచే మొదలుపెడతాను.

అది పూర్తయినవాళ్లు 1976 మాంట్రియల్‌ నుంచి లియాన్ స్పింక్స్, మైకేల్ స్పింక్స్, జాన్ టేట్ పేర్లతో ఇదే పట్టిక వేయండి. ఇక్కడ 'నేటి విభాగం' పక్కన '1976 నాటి విభాగం' అని ఇంకో గడి పెట్టాలి. లియాన్ దగ్గర రెండు గడుల్లోనూ ఒకే పేరు వచ్చిందంటే 1976 గడి మళ్లీ లెక్కేయండి.