పాత కారుకు ప్రాణం పోద్దాం – 4వ పాఠం: పట్టేసిన ఇంజన్

ఈసారి బ్రేకులు మొదలుపెట్టాలి. కానీ కుదిరేలా లేదు. అయస్కాంతంతో పుట్టీ కనిపెట్టడం, ఛాసిస్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడటం దాకా అందరూ బాగానే చేశారు. పోయిన పాఠం చివర్న ‘ఇంజన్‌ను చేత్తోనే తిప్పి చూడండి, తాళం జోలికి పోవద్దు’ అని ఉంది. సరిగ్గా ఆ ఒక్క వాక్యాన్నే చాలామంది దాటేశారు. కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టేశారు. ‘టక్’మని ఆగిపోయినవాళ్లు అదృష్టవంతులు. స్టార్టయినవాళ్లకే అసలు తంటా. ఏళ్లనాటి పెట్రోలు జిగురు కట్టి వాల్వులు గైడుల్లో (వాటి కాడలు జారే గొట్టాల్లో) బిగుసుకుపోయి ఉంటే, కాసేపు తిరిగి టకటకలాడి, వాటిని తెరిపించే పుష్‌రాడ్ అనే కడ్డీ వంగిపోతుంది.

సరే, మొదటికి వద్దాం. బ్యాటరీ తీసేయండి. ప్లగ్గులన్నీ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరసగా పెట్టుకోండి. ఫ్యాన్ బెల్ట్ కూడా తీసేయండి. డైనమో పట్టేసినా, వాటర్ పంపు పట్టేసినా ఇంజనే పట్టేసినట్టు ఉంటుంది. సెల్ఫ్ మోటారు పళ్లు ఫ్లైవీల్లో ఇరుక్కున్నా అంతే. మోటారు విప్పి పక్కన పెడితే ఆ అనుమానమూ తీరుతుంది. గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసుకోమని వేరే చెప్పను.

ఇప్పుడు క్రాంక్ పుల్లీ (ఇంజన్ ముందు, క్రాంక్ కడ్డీ చివర ఉండే చక్రం) బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపుకు మెల్లగా లాగండి. కదల్లేదా? ప్లగ్గు రంధ్రాల్లోంచి నూనె పోయాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోయడం నాకు అలవాటు. ఆ రెండూ ఊరికే విడిపోతాయి కాబట్టి పోసే ముందు సీసా బాగా కుదపాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, ఒలికితే పెయింటును తినేస్తుంది. ఆరుబయటే కలపండి. ఒక్కో సిలిండర్‌కు రెండు మూడు చెంచాలు చాలు. పోసి వదిలేయండి. రోజులు పడితే పట్టనివ్వండి.

ఇక నాకు ఒళ్లుమండే సంగతి. కదల్లేదనగానే పానాకు పొడుగాటి పైపు తొడిగి వేలాడే రకం ఉన్నారు. లోపల జరిగింది ఏమిటో ఆలోచించండి. ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరుచుకుని ఉండిపోతుంది. అందులోంచి చెమ్మగాలి దూరి, బోరుకూ (సిలిండర్ లోపలి గోడకూ) పిస్టన్ రింగులకూ మధ్య తుప్పు పడుతుంది. అంటే నాలుగింటిలో మూడు సుబ్బరంగా ఉండి, ఒక్కటే మొత్తం ఇంజన్‌ను పట్టి ఉంచొచ్చు. రింగులు చాలావరకు పోత ఇనుమువి. అవి వంగవు, పుటుక్కున విరుగుతాయి. పైపు వేసి లాగితే విరిగేది రింగో, తెగేది బోల్టో మీ చేతికి తెలియదు. ‘ఆ, కదిలింది!’ అని సంబరపడతారు.

మామూలు పానాతో, మామూలు బలంతో లాగండి. వెంట్రుకవాసి కదిలితే చాలు, అక్కడ ఆపి వెనక్కి తేవాలి. పానాతో వెనక్కి లాగితే బోల్టే వదులవుతుంది. అందుకని టాప్ గేరులో వేసి కారునే మెల్లగా వెనక్కి నెట్టండి. సగం చుట్టు తిరిగి మళ్లీ గట్టిగా తగిలితే, పిస్టన్ పైన బోరులో తుప్పు వలయం ఉన్నట్టే. ప్లగ్గు రంధ్రంలోకి సన్నటి లైటు వేస్తే గోధుమరంగు పట్టీలా కనిపిస్తుంది. అప్పుడూ మందు నూనే, పైపు కాదు. మళ్లీ పోయండి, ముందుకు ఇంత, వెనక్కి ఇంత.

చుట్టు పూర్తిగా తిరిగాక, ఇంజన్ పైన వాల్వులను కప్పి ఉండే రాకర్ కవర్ తీయండి. ఒకరు పానా తిప్పుతుంటే ఇంకొకరు వాల్వులు చూడాలి. ప్రతి వాల్వూ దిగాలి, దిగింది తిరిగి లేవాలి. లేవకపోతే రాకర్‌కూ (వాల్వును నొక్కే మీటకూ) వాల్వుకూ మధ్య సందు పెద్దదై పుష్‌రాడ్ చేతికి గిలగిల ఆడుతుంది. వెంటనే తిప్పడం ఆపండి. కాడ మీద నూనె చుక్కలు వేసి, ప్లాస్టిక్ సుత్తితో చిన్నగా తట్టండి.

పాత పెట్రోలు మొత్తం వంపేయండి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని వెల్డింగుకు ఇవ్వకండి, లోపలి ఆవిరి చాలు పేలడానికి. ఇంజన్ ఆయిల్ మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచిందా లేదా చూడండి. బ్యాటరీ కలిపే ముందు ఒక్క మాట: 1960ల మధ్య దాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీకి కలిపేది ప్లస్ తీగ, మైనస్ కాదు.

అభ్యాసం: కవర్ తీసే ఉంది కాబట్టి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతూ ఏ వాల్వు ఎప్పుడు దిగిందో, ఎప్పుడు లేచిందో రాసుకోండి. నాలుగు సిలిండర్ల బండి అయితే, ఆ కాగితం చూసి ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 నో, 1-2-4-3 నో మాన్యువల్ తెరవకుండా తేల్చండి. తేలేదాకా కవర్ మూయొద్దు.