కొండ మీద గింగురుమనే ఆర్‌ఎక్స్ ఘాటీ దిగితే ఎందుకు పట్టేస్తోంది? డ్రాగ్ బండి ఇంజిన్, క్లచ్, గేర్ సమస్యలు

మాది ఒడిశాలోని కోరాపుట్. ఇక్కడ తెలుగు కుర్రాళ్ళకి యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ అంటే పిచ్చి. ఇంట్లో నాన్నదో మావయ్యదో మూల పడున్న బండి బయటికి లాగి డ్రాగ్‌కి, అంటే తిన్నటి రోడ్డు మీద కొద్ది దూరం పెట్టే రేసుకి, రెడీ చేద్దామంటారు, మొదట సైలెన్సర్ మారుస్తారు, నెల తిరక్కుండా ఇంజిన్ పట్టేసిందన్నా అని వస్తారు. బండి మార్కెట్‌లోకి వచ్చింది 1985లో, ఆపేసింది 1996లో, కాబట్టి ఎంత లేటు మోడల్ అయినా లోపల గాలీ ఆయిలూ ఆపే రబ్బరు సీళ్ళు ముసలివే. 98 సిసి, 11 హార్స్‌పవర్, బోరు (సిలిండర్ కన్నం) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50, ఇంత చిన్న ఇంజిన్‌లో తప్పు దాగదు, బేగి బయటపడిపోద్ది.

సమస్య: ఫుల్ ఎక్సలేటర్‌లో పోతూ పోతూ వెనక చక్రం లాకైపోయింది

ఇది నాకే జరిగింది. మే నెల మధ్యాహ్నం కోరాపుట్‌లో జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న కన్నం) సెట్ చేశాను, బండి బ్రహ్మాండంగా లాగింది. అదే సెట్టింగ్‌తో జనవరిలో సుంకి ఘాటీ దిగి కింద ఈవెంట్‌కి తీసుకెళ్ళాను. పొద్దున్నే చలిలో ప్రాక్టీస్, 402 మీటర్లలో సగం కూడా కాలేదు, థర్డ్ గేర్‌లో కీచుమని ఆగింది, క్లచ్ మీద వేళ్ళు ఉన్నాయి కాబట్టి పళ్ళు మిగిలాయి. బోరు టైట్‌గా కొట్టాడని లేత్ షాప్ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, తర్వాత వెళ్ళి సారీ చెప్పుకోవాల్సొచ్చింది.

కారణం గాలి. మా ఊరు సముద్ర మట్టానికి 870 మీటర్లు ఎత్తు, ఇక్కడ గాలి కిందకంటే 8 శాతం దాకా పల్చన, పైగా ఎండాకాలం వేడికి ఇంకా పల్చబడుతుంది. ఆ గాలికి సరిపోయిన జెట్ కింద చలిగాలికి చాలదు, పెట్రోల్ తగ్గి మంట వేడెక్కి పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. పాపం ఆ లేత్ అతని తప్పేం లేదు.

పిస్టన్ బయటికి తీసి గీతలు ఎక్కడున్నాయో చూడండి, అదే చెప్పేస్తుంది. సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే పెట్రోల్ చాలక వేడెక్కింది. నాలుగు మూలలా నాలుగు మచ్చలుంటే బోరు టైట్, లేదా ఇంజిన్ వేడెక్కకుండానే ఫుల్ ఎక్సలేటర్ ఇచ్చారు. చుట్టూ ఉంటే ఆయిల్ అందలేదు. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లోనే 2టి (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలిపి కొట్టేవాళ్ళలో ఒకడు ఎప్పుడూ ఉత్త పెట్రోల్ పోసేస్తాడు, మా గ్యాంగ్‌లో వాడెవడో చెప్పను.

పరిష్కారం: కిందకి దిగే ముందే మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచండి. ఖాళీ ట్రాక్‌లో ఫుల్ ఎక్సలేటర్ మీద లాగి, క్లచ్ పట్టి అదే క్షణంలో ఇంజిన్ ఆపి, ప్లగ్ విప్పండి. పింగాణీ కాఫీ రంగులో ఉంటే మంచిది, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే ఇంకో జెట్ పెంచాలి, దాని మీద వెండి పొడిలా చుక్కలుంటే పిస్టన్ కరగడం మొదలైందని, ఆ రోజుకి బండి ఆపేయండి. ఇంకోటి, 2టి లీటరుకి 20 మిల్లీ నుంచి 30కి పెంచితే సేఫ్ అనుకుంటారు, కానీ ఆయిల్ పెరిగినంత మేర జెట్‌లోంచి పోయే పెట్రోల్ తగ్గుతుంది, జెట్ మళ్ళీ చూసుకోవాలి.

సమస్య: ఎక్సలేటర్ వదిలినా సౌండ్ దిగట్లేదు, ఐడిల్ దానంతటదే పెరుగుతోంది

జెట్ పెంచినా ఇలాగే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. ఎక్కువగా ఎడమ పక్క మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వెనకున్న క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) సీల్, లేదా కార్బొరేటర్ రబ్బరు పగులు, లేదా పంపు తీసినప్పుడు మూయడం మర్చిపోయిన ఆయిల్ పైపు నిపుల్.

దీనికి పాత బీపీ మిషన్ చాలు. కార్బొరేటర్ తీసి ఆ దారికీ, సైలెన్సర్ దారికీ సైకిల్ ట్యూబు ముక్క పెట్టి రేకుతో బిగించండి. పిస్టన్ పూర్తిగా కిందకి దించి, ప్లగ్ కన్నంలో బీపీ మిషన్ పైపు గాలి పోకుండా అమర్చి, ముల్లు 300 దగ్గరికొచ్చేదాకా నొక్కండి, అంతకు మించొద్దు, మంచి సీల్ కూడా బయటికొచ్చేస్తుంది. అయిదారు నిమిషాలు ముల్లు నిలబడాలి. దిగితే మాగ్నెట్ విప్పి సీల్ చుట్టూ సబ్బు నీళ్ళు రాయండి, బుడగ వచ్చిందా దొంగ దొరికినట్టే. పట్టేసిన ఇంజిన్‌కి కొత్త పిస్టన్ వేసి ఈ టెస్ట్ చెయ్యకుండా బండి తీస్తే మళ్ళీ పట్టేస్తుంది, డబ్బులు దండగ.

గేర్ ఆయిల్ తగ్గిపోతూ తెల్ల పొగ ఆగకపోతే అది కుడి పక్క సీల్, క్లచ్ విప్పి మార్చాలి.

సమస్య: స్టార్ట్ లైన్ దగ్గర సౌండ్ పెరుగుతోంది గానీ బండి కదలట్లేదు

క్లచ్ జారుతోంది. ప్లేట్లు కొనే ముందు కేబుల్‌లో కొంచెం వదులుందా చూడండి, తర్వాత లోపల ఏ ఆయిల్ పోశారో చూడండి. ఇంట్లో కారుకి మిగిలిన ఆయిల్ పోసేవాళ్ళున్నారు, దాంట్లో జారుడు మందులుంటాయి, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న బైక్ ఆయిలే పోయాలి. కొత్త ప్లేట్లు వేస్తే రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి వెయ్యండి. స్ప్రింగులు పాతవైతే అవీ మార్చండి, మరీ గట్టివి వేస్తే లివర్ నొక్కలేక లాంచే చెడుతుంది.

సమస్య: సెకండ్ గేర్ తన్నేసి న్యూట్రల్‌లోకి వస్తోంది

గేర్ పళ్ళ పక్కనుండే దిమ్మలు అరిగి మూలలు గుండ్రమైపోయాయి, లేదా లోపల గేర్లు జరిపే ఫోర్కు వంగింది. షార్ట్‌కట్ లేదు, ఇంజిన్ రెండు ముక్కలు చెయ్యాల్సిందే. విప్పారు కాబట్టి ఎలాగూ కనెక్టింగ్ రాడ్ కిట్, బేరింగులు కూడా వేసేయండి, క్రాంక్ సెంటరింగ్ (తిరిగేటప్పుడు ఊగడం) 0.03 మిల్లీమీటర్ల లోపు తెప్పించండి, లేదంటే మీరేసిన కొత్త సీళ్ళు మళ్ళీ లీకు.

చివరికి పికప్ చాలట్లేదనిపిస్తే ముందు స్ప్రాకెట్లో ఒక్క పన్ను తగ్గించి చూడండి, అంతేగానీ వెంటనే పోర్టింగ్‌కి (సిలిండర్‌లో గాలి దారులు కోసి మార్చడానికి) ఇచ్చేయకండి. చైన్ మాత్రం బిగించేయకండి, మీరు సీట్లో కూర్చున్నాక రెండు సెంటీమీటర్లన్నా ఆడాలి.