సిస్టమ్ ఫైల్ మిస్సింగ్ అని పీసీ క్రాష్ అవుతోందా? ముందు ఇవి చూడండి

ఫలానా డీఎల్ఎల్ ఫైల్ (ప్రోగ్రామ్‌లు నడవడానికి వాడుకునే కోడ్ ఉండే ఫైల్) లేదు అని ఎర్రర్ రాగానే చాలామంది ఆ పేరు గూగుల్‌లో కొట్టి ఏదో ఒక సైట్ నుంచి దించుకుని సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి, అది ఏ వెర్షనో, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలీదు. అసలు ఆ ఫైల్ ఎందుకు పోయిందో ముందు చూడాలి కదా.

ఒక్క ప్రోగ్రామే ఓపెన్ అవ్వట్లేదు, మిగతాదంతా బానే ఉంది

వీసీరన్‌టైమ్140 అనో ఎంఎస్‌వీసీపీ140 అనో పేరు కనిపిస్తే విండోస్ పాడవ్వలేదు, విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ (ఇలాంటి ఫైల్స్ అన్నీ కలిపి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్యాకేజీ) లేదంతే. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తీసుకుని ఎక్స్64, ఎక్స్86 రెండూ వేసుకోండి, ఎందుకంటే మీది 64 బిట్ విండోస్ అయినా ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే దానికి ఎక్స్86 దే కావాలి.

డెస్క్‌టాప్ వస్తుంది, కాసేపటికి బ్లూ స్క్రీన్

క్రిటికల్ ప్రాసెస్ డైడ్ లాంటివి వస్తుంటే నిజంగానే సిస్టమ్ ఫైల్స్ దెబ్బతిని ఉండొచ్చు. అప్‌డేట్ నడుస్తుండగా పవర్ పోవడం, యాంటీవైరస్ మంచి ఫైల్‌నే వైరస్ అనుకుని క్వారంటైన్‌లో పెట్టడం, డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు, మామూలుగా ఇవే కారణాలు. క్వారంటైన్ లిస్ట్ ఒకసారి చూసి, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చెయ్యండి.

అందరూ ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow, పాడైన సిస్టమ్ ఫైల్స్‌ని వెతికి బాగుచేసే కమాండ్) ఒక్కటే కొట్టి, కొన్ని ఫైల్స్ రిపేర్ చెయ్యలేకపోయాను అని అది చెప్పగానే వదిలేస్తారు. ఎస్ఎఫ్‌సీ మంచి కాపీ తీసుకునేది విండోస్ లోపలే ఉండే కాంపోనెంట్ స్టోర్ నుంచి, ఆ స్టోరే పాడైతే అది మాత్రం ఏం చేస్తుంది పాపం. అందుకే ముందు ఆ స్టోర్‌ని బాగుచేసే డిస్మ్ (DISM) కమాండ్‌ని ఆన్‌లైన్, క్లీనప్ ఇమేజ్, రిస్టోర్ హెల్త్ ఆప్షన్లతో రన్ చెయ్యండి, మూడింటికీ ముందు స్లాష్, క్లీనప్‌కీ ఇమేజ్‌కీ మధ్య హైఫన్ ఉండాలి, నెట్ కూడా ఆన్‌లో ఉండాలి. పర్సెంటేజీ ఒకచోట చాలాసేపు కదలదు, హ్యాంగ్ అయిందనుకుని విండో క్లోజ్ చేసేయకండి. అది అయ్యాకే ఎస్ఎఫ్‌సీ, తర్వాత రీస్టార్ట్.

అసలు విండోసే లోడ్ అవ్వట్లేదు

లోగో వచ్చేటప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం రెండు మూడుసార్లు చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది, రాకపోతే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యాలి. బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడుగుతుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందేమో చూసుకోండి. ముందు స్టార్టప్ రిపేర్, దాంతో అవ్వకపోతే అక్కడి కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఎస్ఎఫ్‌సీనే ఆఫ్‌బూట్‌డిర్, ఆఫ్‌విన్‌డిర్ ఆప్షన్లతో నడపాలి. ఇక్కడ జాగ్రత్త, రికవరీలో మీ సీ డ్రైవ్ ఒక్కోసారి డీ అనో ఇంకోటనో కనిపిస్తుంది, కాబట్టి డిర్ కమాండ్‌తో విండోస్ ఫోల్డర్ ఏ లెటర్ కింద ఉందో చూసుకుని అదే ఇవ్వండి.

రిపేర్ అవుతుంది, మళ్ళీ కొన్నాళ్ళకే అదే గోల

నన్నడిగితే ఇలాంటప్పుడు విండోస్ కంటే ముందు డిస్క్‌ని అనుమానించాలి. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, డిస్క్ అనే సోర్స్ నుంచి ఈవెంట్ ఐడీ 7 వస్తోందేమో చూడండి, అది బ్యాడ్ బ్లాక్ అని చెప్పడం. అది కనిపిస్తే ముందు డేటా అంతా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్), ఎందుకంటే పోయే స్టేజ్‌లో ఉన్న డిస్క్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివిస్తే మధ్యలోనే చేతులెత్తేయొచ్చు. డిస్క్ బాగుంటే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్ టెస్ట్ చెయ్యండి. రెండూ ఓకే అయితే విండోస్ ఇన్‌స్టలేషన్ ఐఎస్ఓ ఫైల్ ఓపెన్ చేసి సెటప్ రన్ చేసి, ఫైల్స్, యాప్స్ ఉంచమనే ఆప్షన్‌తో విండోస్‌ని దాని మీదే మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి, ఫార్మాట్ దాకా వెళ్ళక్కర్లేదు.