ఆదివారం అంతా చీపురు పట్టుకోకుండా

బెంగళూరులో మా ఇంటికి వచ్చేవి బోరు నీళ్లే. ఒక్క వారం పట్టించుకోకపోతే కుళాయిల మీద తెల్లగా ఉప్పు పేరుకుపోతుంది. అందుకే శనివారం రాత్రి పాత గుడ్డను వెనిగర్‌లో తడిపి కుళాయికి చుట్టేసి, అరగంటయ్యాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను. మూతి దగ్గర గరుకుగా తగిలే పొర మెత్తబడి ఊడొస్తుంది. కడిగాక పొడిగుడ్డతో తుడవడం మరిచిపోకండి, నీళ్లు వాటంతటవే ఆరితే మళ్లీ ఉప్పే మిగులుతుంది. పాలరాయి మీద వెనిగర్ పడితే మచ్చే. బ్లీచింగ్ పౌడర్‌తో అయితే అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది.

మిగతావి రోజుకో పావుగంట: సోమవారం ఫ్యాన్లు, బుధవారం ఫ్రిజ్, శుక్రవారం దేవుడి గది. ఒకరోజు తప్పిందా, టెన్షన్ పడకండి, ఆ పని వచ్చే వారం చూసుకోవచ్చు.